ఓనరు గారు ఇప్పుడే బయటికెళ్ళారు

గుమ్మలూరు పురపాలక సంఘానికి లేనివి చాలా ఉన్నాయి గాని, వాటి సంగతి ఇప్పుడు వద్దు. ఉన్నదొకటుంది. దాని పేరు ఆత్మవిశ్వాస విభాగం. చుట్టుపక్కల ఏ పట్టణానికీ ఇలాంటిది లేదు. దీన్ని చూసి పక్క ఊళ్ళవాళ్ళు కుళ్ళుకుంటున్నారని గుమ్మలూరు కౌన్సిలర్ల గట్టి నమ్మకం.

ఊళ్ళో కొత్తగా తెరిచిన కొట్లు తెరిచినంత వేగంగానే మూతపడుతూ ఉండేవి. బజారు రోడ్డు తవ్వి పూడ్చకుండా వదిలేశారు, కొనేవాళ్ళు కొట్టు దాకా రాలేకపోతున్నారు అని వ్యాపారులు మొరపెట్టుకున్నారు. రోడ్డు పూడ్చడం కన్నా అధ్యయనం చేయించడం తేలిక కాబట్టి, సంఘంవారు నగరం నుంచి నిపుణుల్ని పిలిపించారు. నిపుణులు గోతుల మీద వేసిన చెక్కల మీదుగా జాగ్రత్తగా నడుచుకుంటూ కొట్టు కొట్టుకూ వెళ్ళి అందర్నీ పలకరించి, లోపం రోడ్డులో లేదు, మనసులో ఉంది అని తేల్చారు. కొత్త వ్యాపారి తాను అసలు సిసలు యజమానిని కానని, ఎవరో ఒకరు ఏదో ఒకరోజు వచ్చి తన గుట్టు పట్టేస్తారని లోలోపల హడలిపోతున్నాడట. ఆ హడలు పోగొడితే కొట్లు వాటంతటవే నిలబడతాయట.

సంఘంవారు వెంటనే విభాగం పెట్టారు. దసరాలోపు తన యాజమాన్యాన్ని సంతృప్తికరంగా నమ్మని కొత్త యజమాని లైసెన్సు రద్దవుతుందని తీర్మానం చేశారు. యజమాని లేని కొట్టుకి లైసెన్సు ఎలా ఇస్తాం అన్నది వారి వాదన. విభాగానికి అధికారి కావలసివచ్చింది. రెగ్యులర్ అధికారి వచ్చేదాకా ఇన్‌ఛార్జిగా ఉండమని మత్స్యశాఖ నుంచి పరాంకుశాన్ని తెచ్చారు. ఆయన చేపపిల్లల్ని పెంచిన మనిషి, ఎదుగుదల అంటే ఏమిటో తెలిసినవాడు అని చైర్మన్ గారు అన్నారు. పరాంకుశం రెగ్యులర్ అధికారి కోసం వేసిన పెద్ద కుర్చీని తుడిపించి పక్కన పెట్టించి, తను ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని పనిలోకి దిగాడు.

ఇక నాంచారమ్మ సంగతి. పెళ్ళయిన కొత్తల్లోనే ఆమె బస్టాండు దగ్గర కనకయ్య మాస్టారి టైలరు కొట్లో మిషను మీద కూర్చుంది. జుట్టు నెరవడం మొదలయ్యేదాకా అక్కడే కుట్టింది. కనకయ్య మాస్టారు మంచివాడే గాని, కొట్లో కన్నా ఎదురు టీ బడ్డీలో ఎక్కువ కాలం గడిపేవాడు. ఎవరొచ్చి అడిగినా నాంచారమ్మ తల ఎత్తకుండా "ఓనరు గారు ఇప్పుడే బయటికెళ్ళారండీ" అనేది. మాస్టారు పని మానుకున్నాక, ఇంటిల్లిపాదీ పోరగా పోరగా, ఆమె బజారు రోడ్డులో సొంతంగా కొట్టు తెరిచింది. మొదటి రోజు మొదటి మనిషి వచ్చి ఓనరు గారేరీ అని అడిగింది. నాంచారమ్మ నోరు దానంతటదే పాత మాట అనేసింది.

అనేశాక సరిదిద్దుకోవచ్చు. కాని ఆమెకు ఆ మాట ఎంతో హాయిగా అనిపించింది. ఓనరంటే ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. గొంతు పెద్దది ఉండాలి, నడకలో దర్జా ఉండాలి, టీ ఎక్కువ తాగాలి. ఇవేవీ తనకు లేవు. తను కుట్టగలదు, అంతే. కుట్టడం వేరు, కొట్టు నడపడం వేరు కదా. అందుకని కొట్లో ఓనరు కోసం కొన్న చేతుల కుర్చీని రోజూ తుడిచి ఖాళీగా ఉంచి, తను స్టూలు మీద కూర్చునేది. జాకెట్టు బాగా కుదిరిందని ఎవరైనా మెచ్చుకుంటే, మా ఓనరు గారికి చెప్తానండీ అనేది. ఆ ఓనరు గారెవరో చూసినవాళ్ళు లేరు గాని, మంచి పనివాడని ఊళ్ళో పేరొచ్చింది.

పరాంకుశం మొదటిసారి తనిఖీకి వచ్చినప్పుడు ఓనరు బయటికెళ్ళారు. రెండోసారి వచ్చినప్పుడూ అంతే. మూడోసారి ఆయన పట్టువదలకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. పక్క కొట్లో టైర్లకు పంక్చర్లు వేసే పోలేశు, అతనూ కొత్తగా కొట్టు పెట్టినవాడే, ఆయన అవస్థ చూడలేక, ఓనరంటే ఆ అక్కే సార్ అని చెప్పేశాడు. పరాంకుశం నాంచారమ్మ వైపు తిరిగి, అమ్మా, మీరేనా యజమాని అని అడిగాడు.

"అందరూ అలాగే అంటున్నారండీ," అంది నాంచారమ్మ.

పరాంకుశం కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళకు తన విభాగానికి తగిన కేసు దొరికింది. "ఇది స్వీయ యాజమాన్య నిరాకరణ లక్షణమమ్మా. చాలా ముదిరింది. కంగారుపడకండి, విభాగం మీ వెంట ఉంది," అని ఆయన భరోసా ఇచ్చి, రోజూ కొట్టు తెరవగానే గుమ్మం ముందు నిలబడి, ఈ వ్యాపారానికి నేనే యజమానిని అని ముమ్మారు ఉచ్చరించమని చికిత్స రాశాడు. నాంచారమ్మ మర్నాటి నుంచే మొదలుపెట్టింది. "ఈ వ్యాపారానికి నేనే యజమానిని... అని చెప్పమన్నారండీ" అని రోడ్డున పోయేవాళ్ళకు వివరించేది.

చికిత్స రాసిన రోజునే, వెళ్ళబోతూ పరాంకుశం ఊరికే కుశలానికన్నట్టు, ఇంతమందికి కొలతలెలా గుర్తుపెట్టుకుంటారమ్మా అని అడిగాడు. నాంచారమ్మ గోడ మేకులకు తగిలించిన పాత జాకెట్లను చూపించింది. ఒంటికి సరిగ్గా కుదిరిన జాకెట్టు ఒకటి ఎవరికి వారు ఇంటి నుంచి తెస్తారని, దాన్ని ఆది అంటామని, దాన్ని పరిచి చూసి కొత్తది కత్తిరిస్తామని చెప్పింది. ఎవరి ఆది వాళ్ళదే అన్న మాట కూడా చెప్పబోయింది గాని, పరాంకుశం అప్పటికే చెక్క దాటి రోడ్డు మీద పరుగెత్తుతున్నాడు. గొప్ప ఆలోచన వచ్చిన మనిషి ఆగి వినడు.

వారం తిరక్కుండా ప్రకటన వచ్చింది. జాకెట్టుకే ఆది ఉన్నప్పుడు యజమానికి ఆది లేకపోవడం పరిపాలనా లోపమని విభాగం గుర్తించింది. పట్టణంలోని యజమానులందరిలో మిక్కిలి ఆత్మవిశ్వాసం గలవానిని ఆది యజమానిగా నియమించి, కొత్తవారందరినీ ఆయనకు అనుగుణంగా తీర్చిదిద్దుతామంది. ఎన్నిక పెద్ద కష్టం కాలేదు. కోల్డ్ స్టోరేజీ బుల్లబ్బాయి గారు సందేహపడగా చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. ఒక ఏడాది కరెంటు పోయి ఆయన గోదాములో మిరపకాయలు బూజు పట్టినప్పుడు కూడా, తప్పు వానదని, రైతులదని, చివరికి మిరపకాయలదేనని ఆయన తేల్చి చెప్పాడు. మనిషి ఎత్తరి, వెడల్పరి. గుమ్మాలు ఆయన కోసం కాస్త పక్కకు జరుగుతాయేమో అనిపించేది.

యజమాని మనసుకి కొలత తీయడం సాధ్యపడలేదు కాబట్టి విభాగం బుల్లబ్బాయి గారి ఒంటికి కొలత తీయించింది. ఆ కొలతకు ముదురు నీలం కోట్లు నగరంలో కుట్టించి, కొత్త యజమానులందరికీ తలా ఒకటి పంచింది. వ్యాపార వేళల్లో కోటు తీయరాదు. జతగా ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. "కోటును యజమానికి అనుగుణముగా కుదించుట నిషిద్ధము. యజమానియే కోటునకు అనుగుణముగా వికసించవలెను" అని అందులో ఉంది.

గుమ్మలూరు బజారు ఆ నెలంతా చూడముచ్చటగా ఉండేది. పోలేశు ట్యూబు ముంచబోతే ముందు కోటు చేతులు నీళ్ళతొట్టిలో మునిగేవి, ఆ తర్వాత ఎప్పటికో అతని చేతులు. పాలకేంద్రం పెట్టుకున్న ముసలాయన కోటులోంచి కనబడక, కోటే పాలు పోస్తోందని పిల్లలు భయపడ్డారు. ఇడ్లీ బండి వరలక్ష్మి ఒకవైపు పొయ్యిని, ఒకవైపు కోటు అంచుని కాచుకోలేక మూడుసార్లు నిప్పంటించుకుంది. ఎవరైనా గొణిగితే పరాంకుశం మందహాసం చేసి, బిగుతుగా ఉన్నట్టనిపించేదాకా ఓపిక పట్టండి, అదే వికాసం అనేవాడు. ఆయనకు కూడా ఒక కోటు ఇచ్చారు. అందులో ఆయన వేళ్ళ కొసలు కూడా కనబడేవి కావు. దాని గురించి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

నాంచారమ్మ కోటు సంగతి వేరు. అది వేసుకుంటే మిషను తొక్కడం కుదరదు. అందుకని ఆమె దాన్ని తీసి ఓనరు కుర్చీకి తగిలించింది. దాంతో కొట్లోకి వచ్చినవాళ్ళకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. కుర్చీకి కోటు వేలాడుతోందంటే ఓనరు ఎక్కడో దగ్గర్లోనే ఉన్నాడన్నమాట.

ఒకరోజు చీకటి పడే వేళ పోలేశు వెనక గుమ్మం నుంచి వచ్చాడు. కోటు చంకలో ఉంది. "అక్కా, దీంతో చచ్చిపోతున్నాను. ఆ సార్‌కి తెలియకుండా కాస్త లోపలికి పట్టిపెట్టవా," అన్నాడు. నాంచారమ్మ ఓనరు గారు లేరని మొదలుపెట్టబోయి, పోలేశు ముందు ఆ మాట చెల్లదని గుర్తొచ్చి ఊరుకుంది. గుడ్డ కత్తిరించకుండా, రేపెప్పుడైనా మళ్ళీ విప్పుకునేలా, లోపలికి మడిచి కుట్టిచ్చింది. మర్నాడు పాలకేంద్రం ముసలాయన వచ్చాడు. ఆ తర్వాత వరలక్ష్మి. ఆ వెనక బజారు బజారంతా వచ్చింది. వెనక గుమ్మంలో వరస పెరిగి, ముందు గుమ్మం దాకా తిరిగింది. నాంచారమ్మకు అన్నం తినడానికి తీరిక లేకుండా పోయింది. ఇంత పని వస్తున్నందుకు ఆమెకు సంతోషం కలగలేదు, భయమేసింది. ఇంతమంది తనని నమ్ముతున్నారంటే, గుట్టు బయటపడిన రోజున ఇంతమందికీ ముఖం ఎలా చూపించాలా అని.

మరోవైపు పరాంకుశం బజారులో తిరుగుతూ ఆనందంతో ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కోట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఒంటికి అతికినట్టు కుదురుతున్నాయి. పోలేశు భుజాలు వికసించాయి. ముసలాయన ఆ వయసులో నాలుగు అంగుళాలు ఎదిగాడు. విభాగం కార్యక్రమం నూటికి నూరుపాళ్ళు ఫలించిందని పైకి నివేదిక వెళ్ళింది. పై నుంచి సంచాలకుల వారు స్వయంగా వచ్చి వికాసాన్ని కళ్ళారా చూస్తామని కబురంపారు. ఒక్క టైలరు నాంచారమ్మ మాత్రం వికసించలేదు. ఊరందరి కోట్లూ కుట్టిన మనిషికి తన కోటు సంగతి చూసుకునే తీరిక దొరకలేదు. పరాంకుశం వచ్చి ఎంతో బాధపడుతూ, సంచాలకుల ముందు మీరు యజమానినని గట్టిగా నమ్మి చెప్పకపోతే లైసెన్సు పోతుందమ్మా, నా చేతుల్లో ఏమీ లేదు అని చెప్పాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడు. నాంచారమ్మ ఆ మాటకు తల ఊపింది. ఆయన వెళ్ళాక మిషను మీద తల ఆనించి కాసేపు ఏడ్చింది. ఈ కొట్టు పోతే ఆమె తిరిగి వెళ్ళడానికి కనకయ్య మాస్టారి కొట్టు కూడా లేదు. అన్నిటికన్నా ఎక్కువ బాధ, ఈ స్టూలు, ఈ కిటికీలోంచి పడే వెలుతురు, ఈ మిషను చప్పుడు తనకు ఇంత ఇష్టమని ఇప్పుడు తెలియడం.

సమావేశం టౌన్‌హాల్లో జరిగింది. వేదిక మీద సంచాలకులు, చైర్మన్ గారు, పరాంకుశం, మధ్యలో కొలత కోసం ఆది యజమాని బుల్లబ్బాయి గారు. కింద వరసల్లో నీలం కోట్లు. ఒక్కొక్కరే లేచి మైకు ముందు, ఈ వ్యాపారం నాది అని చెప్పి కూర్చుంటున్నారు. పోలేశు బాగా చెప్పాడు. వరలక్ష్మి ఇంకా బాగా చెప్పి, రోడ్డెప్పుడు పూడుస్తారని కూడా అడగబోతే మైకు ఆపేశారు. మోకాళ్ళు దాటిన కోటులో నాంచారమ్మ తన వంతు కోసం కూర్చుంది. చెప్పవలసిన వాక్యం చిన్నదే. అయినా అది ఇంకెవరో చెప్పవలసిన మాటలా ఉంది.

అప్పుడు హాలు తలుపు తోసుకుని వకుళమ్మ గారు వచ్చింది. ఆడపిల్లల హైస్కూలు హెడ్మిస్ట్రెస్, ఊళ్ళో సగంమందికి చదువు చెప్పిన మనిషి. నాంచారమ్మ కూడా ఆవిడ దగ్గర చదువుకున్నదే. మర్నాడు పొద్దున్న ఆవిడ పదవీ విరమణ సభ. ఆ సభ కోసం కుట్టించుకున్న పిస్తా రంగు పట్టు జాకెట్టు ఆవిడ చేతిలో ఉంది. అది ఆవిడకు మోచేయి దాటి ఎక్కడం లేదు.

ఆవిడ వేదిక వైపు చూడను కూడా లేదు. "నాంచారమ్మా, నిన్ను నేనేమీ అనను. నీ పని సంగతి నాకు తెలుసు," అంది. "నాకు ఆ ఓనరు కావాలి. ఎప్పుడొచ్చినా బయటికెళ్ళాడంటావు. ఊళ్ళో కోట్లన్నీ నీ నెత్తిన పడేసి తను తిరుగుతుంటే నీ చెయ్యి తప్పక ఏమవుతుంది? ఎవడతను? ఇక్కడే ఉంటే లేవమను."

జాకెట్టును చూడగానే నాంచారమ్మకు జరిగింది అర్థమైంది. కోట్ల హడావుడిలో వకుళమ్మ గారి ఆది పక్కనపడి, మెడికల్ షాపు వాళ్ళ సన్నపాటి కోడలి ఆది బల్ల మీదకు వచ్చింది. దాన్ని పెట్టి కత్తిరించేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. ఇన్నాళ్ళుగా మెప్పులన్నీ మోసిన ఆ ఓనరు ఈ ఒక్క తిట్టూ మోసేస్తాడు. టీచరు గారే దారి చూపిస్తున్నారు. కాని ఆ దారిన వెళ్ళడం ఆమె వల్ల కాలేదు. పని తనది. లేని మనిషి మీదైనా సరే, దాన్ని నెట్టడం ఆమెకు సిగ్గనిపించింది.

ఆమె లేచి నిలబడింది.

"టీచరు గారూ, ఓనర్ని నేనే. ఇంకెవరూ లేరు. మీ ఆది బదులు ఇంకొకరి ఆది పెట్టి కత్తిరించాను. తప్పు నాది. లోపల గుడ్డ వదిలే ఉంచాను, విప్పి కుడతాను. రేపు సభకి మీరు అదే వేసుకుంటారు."

మైకు ఆపేసి ఉన్నా ఆ మాట చివరి వరస దాకా వినిపించింది. వకుళమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

వేదిక మీద చర్చ మొదలైంది. అభ్యర్థిని తాను యజమానినని చెప్పిన మాట నిజమేనని, కాని అదే నోట తప్పు తనదని కూడా అన్నదని, ఈ రెండూ పొసగవని సంచాలకులు అభిప్రాయపడ్డారు. ఇలాంటి చోట మీరైతే ఏమనేవారని ఆది యజమానిని అడిగారు. బుల్లబ్బాయి గారు ఆలోచించకుండానే, జాకెట్టు బాగానే ఉంది, మనిషే లావయ్యింది అనేవాణ్ణన్నాడు. వకుళమ్మ గారి చూపు తగిలి కాస్త వెనక్కి జరిగాడు. అభ్యర్థిని ఆదికి భిన్నంగా ప్రవర్తించినట్టు నిర్ధారణ అయింది. లైసెన్సు రద్దుకు సిఫారసు చేయవలసిందిగా చైర్మన్ గారు పరాంకుశానికి చెప్పారు.

వకుళమ్మ గారికి చిర్రెత్తుకొచ్చింది. పోలేశును లేవమని, అతని కోటు తిప్పి లోపలి మడతలు వేదికకు చూపించింది. పాలకేంద్రం ముసలాయనదీ చూపించింది. మీ వికాసమంతా ఇదీ అంది. సంచాలకులు మడతలను చాలాసేపు పరిశీలించారు. ఆయన ముఖం రంగు మారింది. ఉత్తర్వును ధిక్కరించి కోట్లు కుదించబడ్డాయి, ఎదగనివారు ఎదిగినట్టు నివేదిక వచ్చింది. దీనికి బాధ్యత వహించవలసిన విభాగాధికారి ఎవరు అని ఆయన అడిగారు.

పరాంకుశం లేచి నిలబడ్డాడు. కోటు చేతుల్లో వేళ్ళు వెతుక్కున్నాడు. "అధికారిగారు లేరండి," అన్నాడు. "నేను ఇన్‌ఛార్జిని మాత్రమే."

అయితే నాంచారమ్మ లైసెన్సు రద్దు ఉత్తర్వు మీద సంచాలకులే సంతకం చేయాలని చైర్మన్ గారు వినయంగా గుర్తుచేశారు. సంచాలకులు గొంతు సవరించుకున్నారు. తాము కూడా రెగ్యులర్ సంచాలకులు వచ్చేవరకే చూస్తున్నామని, ఇలాంటి విధానపరమైన నిర్ణయం వారికే వదిలేయడం సముచితమని చెప్పి, కారెక్కారు. ఫైలు రెగ్యులర్ సంచాలకుల బల్ల మీదకు వెళ్ళింది. ఆ బల్ల వెనక కుర్చీ చాలా ఏళ్ళుగా ఖాళీ. కాబట్టి నాంచారమ్మ లైసెన్సు ఇప్పటికీ రద్దు కాలేదు, ఇక అవుతుందన్న భయమూ లేదు.

ఆ సాయంత్రం వకుళమ్మ గారు కొట్లోకి వచ్చి కళ్ళెదుట కుట్టించుకుంటానని స్టూలు మీద కూర్చుంది. నాంచారమ్మకు కూర్చోవడానికి చోటు లేకపోయింది. తొందరలో ఓనరు కుర్చీని మిషను దగ్గరకు లాక్కుని, కోటు తీసి పక్కన పడేసి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది. జాకెట్టు పూర్తయ్యి, టీచరు గారు తొడుక్కుని చూసుకుని, చేతులు పైకీ కిందికీ ఆడించి, బాగుందే అన్నాక గాని, తను ఎందులో కూర్చుందో ఆమె గమనించలేదు. గమనించాక కూడా లేవలేదు. కుర్చీ ఎత్తు మిషనుకు బాగానే సరిపోయింది.

దసరా వెళ్ళాక ఒకరోజు గుమ్మం దగ్గర ఎవరో ఆగారు. "ఓనరు గారున్నారా?" అన్న మాట వినిపించింది. నాంచారమ్మ పెదాల మధ్య గుండుసూదులున్నాయి. తల ఎత్తకుండానే, "ఉన్నాను. కూర్చోండి," అంది.

పరాంకుశం స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్ళో ఆ నీలం కోటు ఉంది. విభాగాన్ని ఎత్తేస్తారని అనుకున్నారట గాని, ఎత్తేయడానికి సంతకం చేసేవారు లేక అలాగే ఉంచారట. ఈ కోటుతోనే ఆఫీసుకు రావాలట. దీన్ని కాస్త చిన్నది చేయగలరా అని మొహమాటపడుతూ అడిగాడు. ఆది ఏదైనా తెచ్చారా అంది నాంచారమ్మ. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తను ఎవరో ఒకరి కుర్చీకే కాపలా కాశానని, తనకు సరిగ్గా కుదిరింది ఏదీ ఇంట్లో లేదని చెప్పాడు. ఆ మాట చెబుతూ నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. నాంచారమ్మకు ఆయన మీద జాలి కలిగింది. కూర్చున్న కుర్చీ తనది కాదన్న ఆ భయం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"లేవండి. చేతులు చాచండి," అని ఆమె మెడలోంచి టేపు తీసింది.

ఆయన చేతులు రెండూ బార్లా చాచి నిలబడ్డాడు. ఆమె భుజం కొలుస్తూ ఉండగా ఆఫీసు బంట్రోతు చెక్క మీదుగా పరుగెత్తుకొచ్చి, గుమ్మం బయటి నుంచే, అమ్మా, ఆఫీసరు గారు ఇక్కడికేమైనా వచ్చారా, చైర్మన్ గారు వెతుకుతున్నారు, రోడ్డు గోతుల గురించి జనం వచ్చి కూర్చున్నారు అన్నాడు.

"అధికారిగారు ఇప్పుడే బయటి..." అని పరాంకుశం మొదలుపెట్టాడు.

"కదలకండి," అంది నాంచారమ్మ గుండుసూదుల మధ్య నుంచి.

పరాంకుశం కదలలేదు. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. గుమ్మం వైపు తిరగకుండానే, "ఉన్నానయ్యా," అన్నాడు. "కొలతవ్వగానే వస్తున్నానని చెప్పు."